డీరెగ్యులేషన్ అంటే ఎవరి కట్టు విప్పడం?

(కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. తరగతికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, మున్సిపల్ పారిశుధ్య కార్మికులు, డ్వాక్రా గ్రూపుల మహిళలు. మాట్లాడిన తీరునే వీలైనంతవరకు ఉంచాం.)

 

ఈ రోజు మనం ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. ఆ మాట డీరెగ్యులేషన్. టీవీలో వింటున్నాం, పేపర్లో చదువుతున్నాం. మంత్రులు అంటారు, కంపెనీలవాళ్లు అంటారు, ఇంగ్లీషు చదివిన పెద్దలు అంటారు. తెలుగు పేపర్లు దీన్ని ఒకసారి ‘నియంత్రణల ఎత్తివేత’ అని, ఒకసారి ‘సడలింపు’ అని, ఇంకోసారి ‘సరళీకరణ’లో కలిపేసి రాస్తాయి. వింటే ఎంత హాయిగా ఉంది! సడలింపు అంటే బిగుసుకున్న తాడు వదులు చేయడం. ఎవరికి చేదు? అందుకే ఈ మాట మన గూడెంలోకి వచ్చినప్పుడు మనం కూడా తలూపుతున్నాం. తలూపే ముందు ఒక్క ప్రశ్న అడగాలని మేము అంటున్నాం. వదులు చేసింది ఎవరి మెడలో తాడు? పశువు మెడలో పలుపు తీస్తే అది పశువుకు స్వేచ్ఛే. అదే పశువు మన చేలో పడితే ఆ స్వేచ్ఛకు ఖరీదు కట్టేది మనం.

మాట ఎక్కడ పుట్టింది?

రెగ్యులేషన్ అనేది లాటిన్ వేరు ఉన్న మాట. గీత తిన్నగా గీయడానికి వాడే కొలబద్దను ‘రెగులా’ అనేవాళ్లు. దాన్నుంచి రూలు, రూలర్, రెగ్యులర్, రెగ్యులేషన్ అన్నీ వచ్చాయి. మన బడిపిల్లవాడి సంచిలో ఉండే రూళ్లకర్ర కూడా ఆ కుటుంబంలోదే.

ఇప్పుడు మీలో మున్సిపాలిటీలో చీపురు పట్టే అక్కలను అడుగుతున్నాం. ‘మమ్మల్ని రెగ్యులర్ చేయండి’ అని మీరు ఎన్నిసార్లు ధర్నా చేశారు? ఎన్ని టెంట్లు వేశారు? ఆ ‘రెగ్యులర్’, ఈ ‘రెగ్యులేషన్’ ఒకే తల్లి బిడ్డలు. రెగ్యులర్ అంటే ఒక లెక్క ప్రకారం, ఒక రూలు ప్రకారం, ఒకరి ఇష్టాయిష్టాల మీద ఆధారపడకుండా బతకడం. మేస్త్రీకి కోపం వస్తే పోయేది కాదు రెగ్యులర్ ఉద్యోగం. దానికి ముందు ‘డీ’ అని ఒక్క అక్షరం తగిలిస్తే మీరు ఇన్నేళ్లుగా అడుగుతున్నదానికి సరిగ్గా ఎదురు తిరిగిన మాట అవుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఇవాళ్టి తరగతి సగం అయిపోయినట్టే.

మనకు తెలిసిన ‘కంట్రోలు’

తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ రేషన్ షాపును కంట్రోలు దుకాణం అంటారు. కంట్రోలు బియ్యం, కంట్రోలు చక్కెర, కంట్రోలు కిరసనాయిలు. చూడండి, ప్రభుత్వ కంట్రోలు అంటే పట్నం షావుకారుకు సంకెల. పల్లెలో కూలికి మాత్రం అది గంజి. ఒకే మాట ఒకరికి సంకెల, ఒకరికి తిండి.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ధాన్యం మీద ఈ కంట్రోళ్లు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే, 1947 డిసెంబరులో, ఆహార ధాన్యాల మీద కంట్రోలు ఎత్తేశారు. కంట్రోలు పోతే దాచిన సరుకు బజారుకు వస్తుంది, ధర దిగుతుంది అన్నారు. ధరలు దిగలేదు, ఎగిరాయి. ఏడాది తిరగకుండానే 1948లో మళ్లీ కంట్రోళ్లు పెట్టారు. కాబట్టి ఈ ప్రయోగం కొత్తది కాదు. మన తాతల నాడే ఒకసారి చేసి చూశారు.

మనం రైతులం, కౌలుదార్లం కూడా. ఎరువు సంగతి చూడండి. 1992 ఆగస్టులో డీఏపీ, పొటాష్ ఎరువుల ధరల మీద కంట్రోలు తీసేశారు. యూరియా మీద మాత్రం ఉంచారు. డీఏపీ ధర మండింది. చేతిలో డబ్బు లేనివాడు చవకగా దొరికే యూరియానే ఎక్కువ చల్లాడు. భూమికి పడాల్సిన పాళ్లు తప్పాయి. నష్టం భూమికీ, భూమి దున్నేవాడికీ. పెట్రోలు ధర మీద 2010 జూన్‌లో, డీజిల్ ధర మీద 2014 అక్టోబరులో ప్రభుత్వం చేయి తీసేసింది. ఆటో నడిపే మన పిల్లవాడు రోజూ పొద్దున బంకు దగ్గర బోర్డు చూసుకుంటున్నాడంటే అది డీరెగ్యులేషన్ పాఠమే చదువుకుంటున్నాడు.

పదమూడు రోజుల తేడా

1991 జులై 24న ఢిల్లీలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం పెట్టింది. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు కావాలి. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి ఆ లైసెన్సు అక్కర్లేదన్నారు. ప్రభుత్వానికే అట్టిపెట్టిన రంగాలను 17 నుంచి 8కి తగ్గించారు. పెట్టుబడిదారుడికి తలుపు తెరిచారు. దేశానికి స్వేచ్ఛ వచ్చిందని పేపర్లు రాశాయి.

సరిగ్గా పదమూడు రోజులకు, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్నది సాకు. అసలు సంగతి ఏమిటి? చదువుకున్న దళిత కుర్రవాడు పక్క కుర్చీలో సమానంగా కూర్చోవడమే ఊరి రూలుకు విరుద్ధం. ఆ రూలు ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు. ఏ అసెంబ్లీ దాన్ని పాస్ చేయలేదు. అయినా దాన్ని అమలు చేయడానికి కత్తులతో, గొడ్డళ్లతో వచ్చారు.

ఈ రెండు తేదీలను మేము పక్కపక్కన ఎందుకు పెడుతున్నాం? ఒకటి ఇంకోదానికి కారణమని చెప్పడానికి కాదు. ఈ దేశంలో రెండు రకాల రూళ్లు ఉన్నాయని చెప్పడానికి. ఒకటి రాసిన రూలు, సర్కారు రూలు. రెండోది రాయని రూలు, కులం రూలు. ఎవడు ఎక్కడ కూర్చోవాలి, ఏ గ్లాసులో టీ తాగాలి, ఏ బావిలో నీళ్లు తోడాలి, ఎవరి పిల్ల ఎవరిని పెళ్లాడాలి, చచ్చిన గొడ్డును ఎవరు లాగాలి అని వేల ఏళ్లుగా నడుస్తున్న రెగ్యులేషన్ కులం. డీరెగ్యులేషన్ అని మాట్లాడే పెద్దమనుషులు ఈ రెగ్యులేషన్ ఎత్తివేత గురించి ఎన్నడైనా ఒక్క ముక్క మాట్లాడారా? వాళ్లు ఎత్తేసేది మొదటి రకం రూలు. మొదటిది పోయినచోట రెండోది వచ్చి కూర్చుంటుంది. అడ్డం పడేవాడు ఉండడు.

చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 56 మందికి శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రాసిన రూలు ఉండి కూడా మనకు దొరికింది ఇంత. అదీ లేకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

రూలు పోదు, చేతులు మారుతుంది

డీరెగ్యులేషన్ అంటే రూళ్లు లేకపోవడం అనుకుంటే పొరపాటు. మిల్లు గేటు లోపలికి వెళ్లి చూడండి. ఎన్నింటికి రావాలి, ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే ఎంత కోత, ఎన్నిసార్లు బయటికి వెళ్లవచ్చు, ఫోను పెట్టుకోవచ్చా అన్నీ రూళ్లే. ప్రభుత్వం రూలు తీసేసినచోట యజమాని రూలు మొదలవుతుంది. సర్కారు రూలు మీద మనం ఎమ్మెల్యేను నిలదీయొచ్చు, కోర్టుకు పోవచ్చు, ఓటు వేసి దించొచ్చు. యజమాని రూలు మీద మనకు ఏ ఓటూ లేదు.

బాబాసాహెబ్ 1947లో రాజ్యాంగసభకు ఇవ్వడానికి తయారుచేసిన ‘రాష్ట్రాలు, మైనారిటీలు’ అనే వినతిపత్రంలో ఈ సంగతే తేల్చి చెప్పారు. రాజ్యం తప్పుకుంటే ఆ ఖాళీలో పేదవాడికి స్వేచ్ఛ రాదని, భూస్వామి, పెట్టుబడిదారుడు పెత్తనానికి వస్తారని ఆయన వాదన. అందుకే కీలక పరిశ్రమలు, వ్యవసాయ భూమి రాజ్యం చేతిలో ఉండాలని, దాన్ని రాజ్యాంగంలోనే రాయాలని కోరారు. అది రాయలేదు. ఆయన భయపడిందే ఇవాళ మనం చూస్తున్నాం.

ఇంకో చిత్రం ఉంది. డీరెగ్యులేషన్ మొదలైన తర్వాతనే ‘రెగ్యులేటరీ కమిషన్లు’ పుట్టాయి. షేర్ల బజారుకు సెబి, ఫోన్లకు ట్రాయ్, మన రాష్ట్రంలో కరెంటుకు 1999లో విద్యుత్ నియంత్రణ కమిషన్. అంటే రూళ్లు చేసే పని ఆగలేదు. అసెంబ్లీలో జరిగే పని ఏసీ గదిలోకి మారింది. 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు జనం కమిషన్ గదికి పోలేదు, హైదరాబాద్ వీధిలోకి వచ్చారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు.

ఊడ్చేవాళ్లది ‘ముఖ్యమైన పని’ కాదట

ఇప్పుడు మన కడుపు దగ్గరికి వద్దాం. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. దాని పేరులోనే ‘రెగ్యులేషన్ అండ్ అబాలిషన్’ అని ఉంది. అంటే కాంట్రాక్టు పద్ధతిని అదుపులో పెట్టడం, వీలైనచోట రద్దు చేయడం. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టానికి ఒక సవరణ చేసింది. సంస్థ ‘ముఖ్యమైన పని’లో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదు అన్నది. ఆహా, మంచిదే గదా అనుకుంటాం. ఆ కిందనే జాబితా ఇచ్చింది, ఇవి ముఖ్యమైన పనులు కావు అని. ఆ జాబితాలో ఏమున్నాయో వినండి. ఊడవడం, కడగడం, చెత్త ఎత్తడం, వాచ్‌మెన్ పని, క్యాంటీన్, మోత పని, తోట పని, బట్టలుతకడం. ఆ పని కోసమే పెట్టిన సంస్థ అయితే తప్ప ఇవన్నీ కాంట్రాక్టుకు ఇవ్వొచ్చు.

ఈ జాబితాను ఊరి కులాల జాబితాతో పక్కపక్కన పెట్టి చూడండి. ఊడ్చేది ఎవరు? ఉతికేది ఎవరు? మోసేది ఎవరు? చట్టంలో కులం పేరు ఒక్కటీ లేదు. అయినా ఆ జాబితా చదువుతుంటే మన వాడలు వరుసగా కనిపిస్తాయి. మనువు రాసినప్పుడు పేర్లు పెట్టి రాశాడు. ఇప్పుడు పేర్లు పెట్టకుండా రాశారు.

అదే పద్ధతి కేంద్రం 2020లో తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోకి ఎక్కింది. నాలుగు లేబర్ కోడ్‌లను 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చారు. కాంట్రాక్టు చట్టం వర్తించాలంటే 1970 కేంద్ర చట్టంలో 20 మంది కూలీలు ఉంటే చాలు. కొత్త కోడ్‌లో 50 మంది ఉండాలి. 49 మందిని పెట్టుకున్న కాంట్రాక్టరు ఆ లెక్కలోకి రాడు. ఫ్యాక్టరీ మూసేయాలన్నా, కార్మికులను తీసేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలనే నిబంధన 100 మంది ఉన్నచోట వర్తించేది. ఇప్పుడు 300 మంది ఉంటేనే. డీరెగ్యులేషన్ ఇలాగే జరుగుతుంది. చట్టం రద్దు చేశామని చెప్పరు. అంకె మారుస్తారు. నిర్వచనం మారుస్తారు. చట్టం అక్కడే ఉంటుంది, మనం దాని బయట ఉంటాం.

దీనికీ రిజర్వేషన్‌కూ ముడి ఉంది. రాజ్యాంగం 16(4) ప్రకారం రిజర్వేషన్ ఉన్నది ప్రభుత్వ ఉద్యోగంలో. మున్సిపాలిటీలో పర్మినెంట్ పోస్టు ఉంటే రోస్టరు ఉంటుంది, ప్రమోషన్ ఉంటుంది, పెన్షన్ ఉంటుంది. అదే పని కాంట్రాక్టరుకు ఇస్తే రోస్టరు ఎగిరిపోతుంది. ఊడ్చే పనిలో మాత్రం మనకు నూటికి నూరు ఉంటుంది. సూపర్‌వైజరు కుర్చీలో ఎవరుంటారో మీరే చెప్పండి. రిజర్వేషన్ ఎత్తేయండి అని అరవాల్సిన అవసరం వాళ్లకు ఇప్పుడు లేదు. రిజర్వేషన్ ఉన్న చోటునే ఎత్తేస్తే సరిపోతుంది.

పనిగంటల లెక్క

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. అప్పుడే ఫ్యాక్టరీల చట్టం సవరణకు పూనుకున్నారు. 1946లో వారానికి 54 గంటల పని 48 గంటలకు దిగింది. ఆ ఆరు గంటలు ఎవరూ దానం చేయలేదు. కార్మికులు కొట్లాడారు, ఆయన చట్టంలో రాయించారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు 9 గంటల పరిమితిని 10 గంటలకు పెంచే సవరణకు ఒప్పుకుంది. మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి వీలిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇస్తారు గదా అంటారు. అడ్డా మీద నిలబడి వచ్చిన కూలీకి, యూనియన్ లేని ఆడమనిషికి ఓవర్‌టైమ్ లెక్క ఎవరు రాస్తారు? రాసే పుస్తకం ఎవరి బీరువాలో ఉంది?

భూమి దగ్గర

ఏజెన్సీలో మన ఆదివాసీ సోదరులను అడగండి. వాళ్లకు ‘రెగ్యులేషన్’ మాట మంత్రం లాంటిది. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కు 1970లో చేసిన ఒకటో నంబరు సవరణనే మనం 1/70 అంటున్నాం. ఏజెన్సీ భూమి గిరిజనుడి చేతినుంచి గిరిజనేతరుడికి పోకూడదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసి, ప్రైవేటు గని కంపెనీ కూడా గిరిజనేతరుడి కిందికే వస్తుందని, దానికి అక్కడ లీజు ఇవ్వకూడదని చెప్పింది. 2025 ఫిబ్రవరిలో 1/70ని సవరించాలనే మాట పైనుంచి వినపడగానే అల్లూరి జిల్లా ఏజెన్సీ బంద్ పాటించింది. రెగ్యులేషన్ విలువ ఏమిటో వాళ్లు మనకంటే ముందే తెలుసుకున్నారు.

పట్నంలో దీనికి ఎదురు జరిగింది. పట్టణ భూపరిమితి చట్టం 1976లో వచ్చింది. దాన్ని కేంద్రం 1999లో రద్దు చేసింది, మన రాష్ట్రం 2008లో ఆ రద్దును ఒప్పుకుంది. పట్నంలో పెద్దవాడి భూమికి గీసిన గీత చెరిపేశారు.

మన అసైన్డ్ భూముల సంగతి కొంచెం చిక్కు. 1977 చట్టం ప్రకారం పేదకు ఇచ్చిన భూమి అమ్మకూడదు, కొనకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో సవరణ చేసి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమి మీద పూర్తి హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపారు. మనవాళ్లలోనే రెండు మాటలున్నాయి. ‘అందరి భూమీ అమ్ముకోవచ్చు, మాది మాత్రం ఎందుకు అమ్ముకోకూడదు? పిల్ల పెళ్లికి, జబ్బుకు అక్కరకు రాని భూమి భూమేనా?’ అని ఒక మాట. అది న్యాయమైన ప్రశ్న, కొట్టిపారేయొద్దు. ‘గేటు తీస్తే రెండేళ్లలో మన చేతిలో గజం మిగలదు’ అని రెండో మాట. మా అభిప్రాయం ఇది: అప్పు, జబ్బు, పెళ్లి ఈ మూడు తరుముతున్నప్పుడు ఇచ్చే అమ్మకపు స్వేచ్ఛ కొనేవాడి స్వేచ్ఛే అవుతుంది. ముందు ఆ భూమికి నీరు, బ్యాంకు అప్పు, సరైన పాసుపుస్తకం ఇవ్వండి. అమ్మకం సంగతి తర్వాత మాట్లాడదాం అని అడగాలి.

గ్రూపు అప్పు

అక్కలకు 2010 గుర్తుంది. వారం వారం కిస్తీ, ఇంటి ముందు కూర్చుని అవమానం, ఆత్మహత్యలు. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చి కట్టు వేసింది. తర్వాత అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు కూడా వడ్డీకి ఒక హద్దు పెట్టింది. 2022లో అదే రిజర్వు బ్యాంకు, ఆ సంవత్సరం ఏప్రిల్ నుంచి వడ్డీ మీద హద్దు తీసేసింది. సంస్థలే తమ వడ్డీ నిర్ణయించుకోవచ్చు, మరీ మితిమీరకుండా ఉండాలి అని మాత్రం చెప్పింది. మితి ఎంతో మాత్రం అంకెలో చెప్పలేదు. గ్రూపు లోను మీద సంతకం పెట్టే ముందు వడ్డీ ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. అది అడిగే హక్కు మీకుంది.

మన మీద సడలని రూళ్లు

కట్లన్నీ విప్పే కాలం ఇది అంటున్నారు గదా. మన మీద ఉన్నవి విప్పారా? 2017 మే నెలలో కేంద్రం పశువుల సంతల మీద నిబంధనలు తెచ్చింది. పేరులోనే రెగ్యులేషన్ ఉంది. సంతలో కొన్న పశువును కోతకు అమ్మకూడదన్నారు. తోలు పని చేసే మాదిగకు, మాంసం అమ్ముకునేవాడికి, ముసలి ఎద్దును అమ్ముకునే రైతుకు దెబ్బ. కోర్టులు స్టే ఇచ్చాయి కాబట్టి ఆగింది. కంపెనీకి తలుపులు తెరిచిన చేతులే మన సంతకు తాళం వేయబోయాయి.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో అరెస్టును సడలించింది. ఇక్కడ కూడా సడలింపే! ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు సవరణ చేసి పాత బలం తిరిగి ఇచ్చింది. వీధిలోకి వస్తే సడలించిన ముడి మళ్లీ బిగుస్తుందని మనమే నిరూపించాం.

2023లో జన్ విశ్వాస్ చట్టం వచ్చింది. 42 కేంద్ర చట్టాల్లో 183 నిబంధనలను సవరించి, చాలాచోట్ల జైలు తీసేసి జరిమానాతో సరిపెట్టారు. వ్యాపారుల మీద విశ్వాసం ఉంచాలన్నారు. మంచిదే. ఆ విశ్వాసం మన కుర్రవాళ్ల మీద పోలీస్ స్టేషన్‌లో ఎప్పుడు ఉంచుతారు?

ఉన్న రూలును అమలు చేయకుండా పడుకోబెట్టడం ఇంకో రకం డీరెగ్యులేషన్. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం నిషేధించాయి. 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా మనుషులు మ్యాన్‌హోల్‌లోకి దిగుతూనే ఉన్నారు. దింపిన కాంట్రాక్టరుకు ఏ చట్టం అడ్డం వచ్చింది?

అన్ని రూళ్లూ మంచివేనా?

కావు. ఆ మాట దాచుకోనక్కర్లేదు. లైసెన్సుల కాలంలో లైసెన్సులు మన ఇంటికి రాలేదు. తోపుడుబండి పెట్టుకున్నవాడి మీద, చెప్పులు కుట్టేవాడి మీద, కల్లు గీసేవాడి మీద రూలు పేరుతో మామూళ్లు గుంజారు. అలాంటి రూళ్లు పోవాల్సిందే. మన పిల్లల్లో కొందరు ‘మార్కెట్‌కు కులం లేదన్నా, మనమూ వ్యాపారులం అవుదాం’ అంటున్నారు. అవ్వాలి. 2005లో పుణెలో దళిత పారిశ్రామికవేత్తలు తమ చాంబర్ పెట్టుకున్నారు. వాళ్లు గెలవాలనే మేము కోరుకుంటాం. ఒక్క సంగతి గమనించండి. ప్రభుత్వ రంగ సంస్థలు, కేంద్ర శాఖలు కొనే సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని 2012లో ఒక ఉత్తర్వు వచ్చింది. దళిత వ్యాపారి నిలబడటానికి కూడా ఒక రెగ్యులేషనే ఊతం అయింది. కాబట్టి రూలు కావాలా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. ఎవరిని కట్టే రూలు, ఎవరిని కాపాడే రూలు అన్నదే ప్రశ్న.

ఈ మాట వినపడితే ఏం అడగాలి?

సభలో గానీ, టీవీలో గానీ, ఆఫీసులో గానీ డీరెగ్యులేషన్, సంస్కరణ, సులభతరం అనే మాట వినపడితే ఐదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఏ చట్టంలో ఏ రూలు తీస్తున్నారు? పేరు, సంవత్సరం చెప్పమనండి. ‘నియంత్రణలు’ అని గాలిలో చెబితే ఒప్పుకోవద్దు.

రెండు, ఆ రూలు ఇన్నాళ్లు ఎవరి చేయి పట్టుకుని ఆపింది?

మూడు, అది పోయాక ఆ చోట ఎవరు రూలు చేస్తారు?

నాలుగు, అక్కడ ఉన్న రిజర్వేషన్ ఏమవుతుంది?

ఐదు, రేపు దెబ్బ తగిలితే ఎవరి మీద కేసు పెట్టాలి?

ఐదో ప్రశ్నకు జవాబు లేకపోతే అది మనకు మేలు చేసే సడలింపు కాదని తెలుసుకోండి.

ఇక చేతిలో పని. ప్రతి కాంట్రాక్టు కార్మికుడు తన కాంట్రాక్టరు పేరు, చేరిన తేదీ, పీఎఫ్ నంబరు, హాజరు, ప్రతి నెల చేతికి వచ్చిన డబ్బు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. రాయడం రానివాళ్లకు వాడలో చదువుకునే పిల్లలు రాసిపెట్టాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ బాధ్యత అసలు యజమానిది, అంటే మున్సిపాలిటీది, ఆస్పత్రిది, ఫ్యాక్టరీది. పాత చట్టంలో అది ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ‘మాకు సంబంధం లేదు, కాంట్రాక్టరును అడగండి’ అని కమిషనర్ అంటే వెనక్కి రావద్దు. కాంట్రాక్టు ఒప్పందం కాపీని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఒక్కో కార్మికుడి పేరున ఎంత ఇస్తున్నారో అందులో ఉంటుంది, మీ చేతికి ఎంత వస్తోందో మీ పుస్తకంలో ఉంటుంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే మన ధర్నాకు వేరే కరపత్రం అక్కర్లేదు.

ఇంకొకటి. ‘పారిశుధ్యం ముఖ్యమైన పని కాదు’ అనే మాటను మనం ప్రతి మున్సిపాలిటీ ముందు ఎదిరించాలి. మున్సిపాలిటీ పెట్టిందే ఊరికి నీళ్లివ్వడానికి, ఊరిని శుభ్రంగా ఉంచడానికి. అది ముఖ్యమైన పని కాకపోతే మరి ఏది ముఖ్యం? కరోనా వచ్చినప్పుడు మీ కాళ్లు కడిగి, మీ మీద పూలు చల్లి దండలు వేశారు. దండ వేసే రోజున ముఖ్యులు, జీతం ఇచ్చే రోజున కాదా? ఈ ప్రశ్న యూనియన్ వినతిపత్రంలో మొదటి వాక్యం కావాలి.

మనం రూళ్లు లేని రాజ్యం అడగడం లేదు. కులం రాసిన రూళ్లను ఎత్తేయమంటున్నాం, రాజ్యాంగం రాసిన రూళ్లను అమలు చేయమంటున్నాం. ఎత్తేయాల్సినవాటిని ఉంచి, ఉంచాల్సినవాటిని ఎత్తేస్తున్నారు. ఆ తారుమారుకే ఇంగ్లీషులో గౌరవంగా ఒక పేరు పెట్టుకున్నారు. ఆ పేరు చూసి మనం బెదరొద్దు, మురిసిపోవద్దు. ఈ పత్రిక చదివినవాళ్లు చదవనివాళ్లకు చదివి వినిపించండి. వచ్చే జీతం రోజుకల్లా నోటు పుస్తకాలు మొదలుపెట్టండి. వచ్చే తరగతికి ఆ పుస్తకాలతో రండి, లెక్కలు కలిసి చూద్దాం.

జైభీమ్.